గొర్రెలు ఈసుకుపోని నియోజకవర్గం

"ఏడాది తిరిగేసరికి మన నియోజకవర్గంలో ఒక్క గొర్రె కూడా ఈసుకుపోదు. ఒక్కటి ఈసుకుపోయినా నేను రాజకీయాల నుంచి తప్పుకుంటాను" అని ఎమ్మెల్యే గణేష్‌బాబు గారు రాజమహేంద్రవరంలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు.

గణేష్‌బాబు గారు ఇంతకుముందు దోమల మీదా, డ్రైనేజీ మీదా, గోదావరి వరద మీదా ఇలాంటి శపథాలే చేసి ఉన్నారు. దోమలు, డ్రైనేజీ, వరద ఉన్నచోటే ఉన్నాయి. గణేష్‌బాబు గారూ ఉన్నచోటే ఉన్నారు. అంత నిలకడ ఉన్న నాయకుడు జిల్లా మొత్తం మీద మరొకరు లేరు.

"ఈసుకుపోవడం అంటే ఏంటి సార్?" అని అడిగాడు, టౌన్లో పుట్టి పెరిగిన ఒక విలేకరి.

"నెలలు నిండకుండా కడుపు పోవడమయ్యా. పల్లెటూరి కష్టాలు మీకేం తెలుస్తాయి! ఇదిగో, ఈయన్ని అడగండి" అంటూ ఎమ్మెల్యే గారు పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యి వేశారు. ఫొటోలు తీశారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ శాలువా మనిషి చంద్రరావు. ధవళేశ్వరం దిగువన కాలువగట్టు మీద ఉన్న మొగలిలంక ఆయనది. ఎకరం కౌలు చేను, ఓ గొర్రెల మంద, భార్య సంపూర్ణమ్మ, పార్టీలో బూత్ కన్వీనర్ పదవి ఆయన ఆస్తులు. మొదటి మూడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయనకి అన్నం పెట్టాయి. నాలుగోది శాలువాలు పెట్టింది. సభ ఎక్కడ పెట్టినా లారీ నిండా జనాన్ని ఎక్కించి, వాళ్లు సగంలో లేచిపోకుండా చివరిదాకా కూర్చోబెట్టడంలో చంద్రరావుని మించినవాడు లేడని పార్టీలో పేరు.

అసలు సంగతి చాలా చిన్నది. ఆ ఏడు చంద్రరావు మందలో చూడి గొర్రెలు వరసపెట్టి ఈసుకుపోవడం మొదలుపెట్టాయి. పొద్దున్నే దొడ్డిలోకి వెళ్లేసరికి ఏదో ఒక మూల తడి ఆరని పిల్ల కళ్లు తెరవకుండా పడి ఉండేది. సంపూర్ణమ్మ దిష్టి తీసింది, గంగాలమ్మకి మొక్కుకుంది, పక్కింటివాళ్లతో మాటలు మానేసింది. మందలో ఈసుకుపోవడం ఆగలేదు. చివరికి చంద్రరావు పశువుల డాక్టరమ్మ ఆశాజ్యోతి గారి దగ్గరికి పరుగెత్తాడు.

ఆవిడ వచ్చి దొడ్డి చూసింది, పోయిన పిల్లల్ని చూసింది, శాంపిల్ తీసి ల్యాబుకి పంపింది. రిజల్ట్ వచ్చాక మళ్లీ వచ్చి నేరుగా దాణా డ్రమ్ము దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూసింది. అందులో తవుడు మీద ఒక పిల్లి, దాని పిల్లలు హాయిగా నిద్రపోతున్నాయి.

"టాక్సోప్లాస్మా అంటారండి దీన్ని. కంటికి కనపడని క్రిమి. పిల్లి కడుపులో పెరుగుతుంది, దాని పెంటలో బయటికొస్తుంది. ఆ పెంట కలిసిన దాణా తిన్న చూడి గొర్రెలు ఈసుకుపోతాయి" అంది ఆశాజ్యోతి.

"మందుందా అమ్మా?"

"మూత ఉందండి. డ్రమ్ముకి గట్టి మూత పెట్టండి. ఈసుకుపోయిన పిల్లల్నీ మాయనీ లోతుగా పూడ్చండి, కడుపుతో ఉన్న ఆడవాళ్లని వాటి జోలికి రానివ్వకండి. ఇంకో మాట, ఈ గొర్రెల్ని తెగనమ్ముకోకండి. ఒకసారి ఈ జబ్బు తగిలిందానికి మళ్లీ దీనివల్ల కడుపు పోవడం అరుదు. ఎదకి రాగానే పొట్టేలుతో కట్టించండి. వచ్చే ఈతకి పిల్లలు నిలుస్తాయి."

చంద్రరావు ఆ రోజే పాత తలుపు చెక్క కోసి మూత చేశాడు. దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాడు. అక్కడితో కథ అయిపోవాలి. ఒక ఈత పోయింది, రెండోది నిలిస్తే మంద నిలుస్తుంది, అదీ తప్పితే గొర్రెల్ని అమ్ముకుని భార్యాభర్తలిద్దరూ కూలికి పోవాలి. ఆ లెక్క చంద్రరావుకి నిద్రలో కూడా తెలుసు. కానీ ఆయన బూత్ కన్వీనర్ కూడా. ఆ వారం ఎమ్మెల్యే గారి సభకి లారీ సగమే నిండింది. సంజాయిషీ చెప్పుకోవడానికి వెళ్లి, "గొర్రెలు ఈసుకుపోతుంటే ఊళ్లో తిరగలేకపోయానండి" అన్నాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్లింది ఆ ఒక్క మాటతోనే.

ఎమ్మెల్యే గారి పీఏ అచ్చిబాబు చదువుకున్నవాడు. ఎవరేం చెప్పినా వెంటనే ఫోన్లో చూస్తాడు. టాక్సోప్లాస్మా గురించి కూడా చూశాడు.

"ఇది ఎలకల బుర్రలోకి కూడా వెళ్తుందంటండి. వెళ్లిందంటే ఎలకకి పిల్లంటే భయం పోతుందంట. తనంతట తనే వెళ్లి పిల్లి ముందు నిలబడుతుందంట."

ఎమ్మెల్యే గారు తింటున్న పెసరట్టు పక్కన పెట్టారు.

"మన కౌన్సిలర్లు ముగ్గురు అవతలి పార్టీలోకి దూకారే, వాళ్ల ఇళ్లల్లో పిల్లులున్నాయా?"

"కనుక్కుంటానండి."

"కనుక్కో. డబ్బు తీసుకుని వెళ్లారని అనవసరంగా మాట అన్నాను. పాపం, జబ్బు మనుషులు" అని ఎమ్మెల్యే గారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మనసు అంత మెత్తన.

ఆ క్షణం నుంచీ ఆయన ఈ జబ్బుని సొంతం చేసుకున్నారు. డాక్టరమ్మని పిలిపించి సలహా అడిగారు. ఆవిడ మూత సంగతి చెప్పింది. అచ్చిబాబు చాలా మర్యాదగా విన్నాడు.

"మూత మంచిదే మేడం గారు. కానీ మూతకి శంకుస్థాపన ఎక్కడ చేస్తామండి? రిబ్బన్ ఎక్కడ కడతాం? సార్ హెలికాప్టర్లోంచి చూస్తే కనపడుతుందా?"

"గొర్రెకి కనపడుతుందండి" అంది ఆశాజ్యోతి.

"గొర్రెలకి ఓటు లేదు కదండీ" అన్నాడు అచ్చిబాబు బాధగా.

అలా పుట్టింది మిషన్ మార్జాలం. కన్వీనర్ చంద్రరావు. నియోజకవర్గంలోని పిల్లులన్నిటినీ పట్టి పంపేస్తే జబ్బు దానంతటదే పోతుందని ప్లాను. చంపుదామంటే ఎవరూ ముందుకు రాలేదు. పిల్లిని చంపితే ఆ పాపం పోవడానికి బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని పెద్దల మాట. బంగారు పిల్లులు ఏ పద్దు కింద కొనాలో అచ్చిబాబు ఎంత వెతికినా దొరకలేదు. కాబట్టి పిల్లుల్ని ప్రాణాలతోనే బ్యారేజీ దాటించి అవతలి గట్టున వదిలెయ్యాలని నిర్ణయించారు. అవతలి గట్టు వేరే నియోజకవర్గం. ఎమ్మెల్యే వేరే పార్టీ.

ప్రారంభోత్సవం రోజున ఎండుచేపలు వేసి, వలలు విసిరి పట్టిన పిల్లులతో బోనుల వ్యాను ఎమ్మెల్యే గారి ఇంటి ముందు ఆగింది. పంతులు గారు పెట్టిన ముహూర్తానికి ఎమ్మెల్యే గారు జెండా పట్టుకుని గుమ్మం దాటారు. ఎదురుగా పిల్లులు. ఒకటి కాదు, వ్యానెడు. ఆయన వెంటనే వెనక్కి తిరిగి లోపలికెళ్లి కూర్చుని మంచినీళ్లు తాగారు. పిల్లి ఎదురొస్తే అంతేగా చెయ్యాలి. కాసేపాగి మళ్లీ బయలుదేరారు. పిల్లులు కదిలితేగా! మళ్లీ వెనక్కి, మళ్లీ మంచినీళ్లు. మూడు గ్లాసులయ్యాక ఆయనకి వేరే అవసరం వచ్చింది, ముహూర్తం దాటిపోయింది.

"వ్యాన్ని వెనకవైపు పెట్టిద్దామండి. సార్ అటు తిరక్కుండా జెండా ఊపుతారు" అని చంద్రరావే ఉపాయం చెప్పాడు. ఎమ్మెల్యే గారు గోడవైపు తిరిగి నిలబడి జెండా ఊపగా, ఆయన వీపు వెనక నుంచి వ్యాను సాగిపోయింది. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద 'వెనుదిరిగి చూడని నేత' అని వేశారు.

వారం తిరగకుండా అవతలి గట్టు ఎమ్మెల్యే గారు కూడా మేల్కొన్నారు. ఆయనా ఒక వ్యాను కొన్నారు. అక్కడి పిల్లులు ఇటు రావడం మొదలైంది. రోజూ పొద్దున్న బ్యారేజీ మీద రెండు వ్యాన్లూ ఎదురుపడేవి. డ్రైవర్లిద్దరూ బావాబావమరుదులు. కొన్నాళ్లకి వాళ్లు బ్యారేజీ మధ్యలోనే ఆగి, టీ తాగి, బోనులు మార్చుకుని ఎవరి గట్టుకి వాళ్లు తిరిగి వెళ్లేవారు. ఇంటికెళ్లిన పిల్లుల ఆరోగ్యం బాగుపడింది. ఎండుచేపలు, గోదావరి గాలి, రోజూ వ్యాను షికారు.

మిగతా ఊళ్లలో జనం పిల్లులు వెళ్లిపోయాయన్న ధీమాతో దాణా మీద కప్పిన గోనెసంచులు కూడా తీసేశారు. గొర్రెలు ఇంకాస్త జోరుగా ఈసుకుపోయాయి. చంద్రరావు దొడ్డిలో మాత్రం మూత ఉంది కాబట్టి వచ్చిన పిల్లులు దాని మీద కాసేపు కూర్చుని, విసుగుపుట్టి వెళ్లిపోయేవి.

ఏడాది గడువు దగ్గర పడుతోంది. రాజకీయ సన్యాసం అన్న మాటని అవతలి పార్టీవాళ్లు ఫ్లెక్సీలు కొట్టించి బస్టాండులో కట్టారు. ఎమ్మెల్యే గారు రివ్యూ మీటింగ్ పెట్టి అందరినీ తిట్టారు. ముఖ్యంగా ఆశాజ్యోతిని.

"మీ డిపార్ట్‌మెంట్ ఏం చేస్తోందమ్మా? నాకు జీరో కావాలి. ఈసుకుపోవడం జీరో!"

అప్పుడు అచ్చిబాబు ఫోన్లోంచి తల ఎత్తాడు.

"ఒక డౌటండి. గొర్రె ఈసుకుపోవాలంటే ముందు చూడి కట్టాలి కదండీ?"

"కట్టాలి."

"కట్టకపోతేనో?"

ఎమ్మెల్యే గారు కుర్చీలోంచి లేచి అచ్చిబాబుని గుండెలకి హత్తుకున్నారు. ఆశాజ్యోతి మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆనందం పట్టలేక అలా కూర్చుందని మినిట్స్‌లో రాశారు.

వారంలోపల నియోజకవర్గంలోని పొట్టేళ్లన్నిటినీ మూతపడ్డ రైసుమిల్లులోకి తరలించారు. గేటు మీద 'పొట్టేళ్ల విశ్రాంతి కేంద్రం' అని బోర్డు కట్టారు. ఇన్నేళ్లూ సమాజం కోసం కష్టపడ్డ పొట్టేళ్లకి ప్రభుత్వం ఇస్తున్న గౌరవం అని ఎమ్మెల్యే గారు చెప్పగా విని కొందరు మగవాళ్లు కంటతడి పెట్టారు. మొదటి పొట్టేలు కన్వీనర్ గారిది కావాలన్నారు. చంద్రరావు తన బంగారయ్యని తాడు పట్టి తీసుకెళ్లి అప్పగించాడు. ఎమ్మెల్యే గారు దాని మెడలో దండ వేశారు. బంగారయ్య దండ తినేసింది.

ఇంటికొచ్చేసరికి సంపూర్ణమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"గొర్రెలు ఎదకొచ్చాయండి. ఇవాళే రెండు."

"చూశాను."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? ఎదకి రాగానే కట్టించమంది. మీరేం చేశారు? పొట్టేలుకి దండేసి సాగనంపారు. ఈ ఈత కూడా పోతే మనకేముందండీ? శాలువాలు కాచుకు తాగుదామా?"

చంద్రరావు శాలువా మడతపెట్టి దండెం మీద వేసి, మర్నాడు పొద్దున్నే అచ్చిబాబు దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క పూట పంపండి బాబూ. చీకటి పడకుండా తెచ్చి అప్పగిస్తాను."

"మీ పొట్టేలు ప్రభుత్వ విశ్రాంతిలో ఉందండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా చూసి వెళ్లొచ్చు."

"చూడాల్సింది నేను కాదండీ."

"గొర్రెలకి ఎంట్రీ లేదు చంద్రరావు గారూ. కన్వీనర్ అయ్యుండి మీరే ఇలా అడిగితే ఎలాగండి బాబూ! కావాలంటే గొర్రెల ఫొటో ఇవ్వండి, గోడకి అంటిస్తాను."

చంద్రరావు మెట్లు దిగాడు. దిగుతుంటే లోపల ఎమ్మెల్యే గారి గొంతు వినపడింది. విశ్రాంతి కేంద్రం తెరిచిన సందర్భంగా కృతజ్ఞతా సభ పెడదామంటే జనం ఎవరూ రామంటున్నారట. ఆయన గట్టిగా అరుస్తున్నారు. చంద్రరావు ఆగాడు. తనకి చేతనైన పని జీవితంలో ఒక్కటే ఉంది, అది ఇప్పుడు అవసరపడింది. దిగిన మెట్లే మళ్లీ ఎక్కాడు.

"అయ్యా, సభ నాకొదిలెయ్యండి. జనం రాకపోతే పోనివ్వండి. లబ్ధిదారుల్నే తోలుకొస్తాను."

"లబ్ధిదారులెవరయ్యా?"

"గొర్రెలేనండి. ఇంతకాలం ఈసుకుపోతూ బాధలు పడ్డది అవే కదండీ. తమరికి కృతజ్ఞతలు చెప్పుకోవాల్సింది కూడా అవే."

ఎమ్మెల్యే గారు లేచి చంద్రరావు భుజం తట్టారు. "ఇన్నాళ్లూ నాకీ ఆలోచన ఎందుకు రాలేదు?" అని అచ్చిబాబుని కోప్పడ్డారు.

రైసుమిల్లు ఆవరణలో సభ. మొగలిలంక నుంచి లారీలు వచ్చాయి. గొర్రెల మెడల్లో పార్టీ కండువాలు. సంగతి చెవిన పడ్డ మిగతా ఊళ్లవాళ్లు కూడా తమ లబ్ధిదారుల్ని ఎక్కించుకుని వచ్చారు. ఎమ్మెల్యే గారు మైకు అందుకుని తన చిన్ననాటి నుంచి మొదలుపెట్టారు. ఆయన హైస్కూలు చదువుకి వచ్చేసరికి ముందు వరసలోని నాయకులందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. అది గమనించి చంద్రరావు వెనక పక్కగా వెళ్లి విశ్రాంతి కేంద్రం గేటు గొళ్లెం తీశాడు.

ఆ తర్వాత సభలో కనిపించిన కదలిక ఎమ్మెల్యే గారి రాజకీయ జీవితంలో ఎన్నడూ ఎరగనిది. అటు పరుగులు, ఇటు పరుగులు, అరుపులు, దుమ్ము. ఆయన పొంగిపోయి ప్రసంగం మరో గంట పొడిగించారు.

"చూడండి ఆ ఉత్సాహం! చూడండి! డబ్బులిచ్చి తెచ్చిన జనంలో ఇది కనపడుతుందా?"

కనపడదని వేదిక మీదివాళ్లందరూ ఒప్పుకున్నారు. వాళ్లలో తల ఎత్తి చూసింది ఆశాజ్యోతి ఒక్కతే. సభ అయ్యాక ఆవిడ చంద్రరావు పక్కన నిలబడి గోడవైపు చూస్తూ అంది.

"ఇవాళ ఎదలో లేనివి మిగిలిపోయాయండి. రెండు వారాలు దాటాక ఇంకో సభ పెట్టించండి."

"ఆయ్, పెట్టిస్తానండి" అన్నాడు చంద్రరావు. ఎమ్మెల్యే గారు సంతోషంగా పెట్టించారు.

తర్వాత నెలలు ప్రశాంతంగా గడిచాయి. పొట్టేళ్లు విశ్రాంతి తీసుకుంటున్నాయి కాబట్టి నియోజకవర్గంలో చూడి గొర్రెలు జీరో అని అచ్చిబాబు ప్రతి నెలా పైకి పంపేవాడు. చూడి జీరో కాబట్టి ఈసుకుపోవడం జీరో. పైన ఉన్నవాళ్లు జీరోని చూసి ముచ్చటపడ్డారు. ఏడాది గడువు జీరోతోనే ముగిసింది, బస్టాండులో ఫ్లెక్సీలు చినిగిపోయాయి. గొర్రెల పొట్టలు మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి. అదేంటని అడిగినవాళ్లకి అచ్చిబాబు గ్యాస్ అని చెప్పేవాడు.

ఒకరోజు తెల్లవారుతుండగా సంపూర్ణమ్మ దొడ్డిలోంచి కేకేసింది. చంద్రరావు పరుగెత్తాడు. పోయినేడు ఆ కేక ఎలాంటి కబురు తెచ్చేదో ఆయన మరిచిపోలేదు. వెళ్లి చూస్తే ఆవిడ నవ్వుతోంది. తల్లి నాకుతుంటే ఒక నల్లమచ్చల పిల్ల వణికే కాళ్ల మీద లేచి నిలబడింది, పడిపోయింది, మళ్లీ లేచి పొదుగు వెతుక్కుంది. చంద్రరావు అక్కడే పెంట మీద చతికిలపడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత రోజుల్లో ఒకదాని వెనక ఒకటి మందంతా ఈనింది. ఒక్కటి కూడా పోలేదు. సంపూర్ణమ్మ అన్నవరం సత్యనారాయణ స్వామి వ్రతం చేయించుకుంటానని మొక్కుకుంది, పక్కింటివాళ్లతో మళ్లీ మాటలు కలిపింది.

పిల్లలు గెంతులేసే వయసొచ్చాక కబురు తెలిసింది. మొత్తం రాష్ట్రంలో గొర్రెలు ఈసుకుపోని ఏకైక నియోజకవర్గం తనదైనందుకు గణేష్‌బాబు గారికి షీల్డు ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్ద అధికారి వస్తున్నారట. సభ మొగలిలంకలోనే.

అచ్చిబాబు చెమటలు కక్కుకుంటూ ముందురోజు ఊళ్లోకి వచ్చాడు.

"చూడి జీరో అని రాశానండీ. ఇప్పుడీ పిల్లలు కనపడితే షీల్డు పోతుంది. రేపు సాయంత్రం దాకా ఒక్క పిల్ల కంటికి కనపడకూడదు."

ఊళ్లోవాళ్లు తమ పిల్లల్ని ఆ సాయంత్రమే పక్క ఊళ్లలోని చుట్టాల ఇళ్లకి తోలేశారు. చంద్రరావుకి కుదరలేదు. ఆయన కన్వీనర్. షామియానా, కుర్చీలు, మైకు, పూలదండలు అన్నీ ఆయన చేతుల మీదే జరగాలి. అచ్చిబాబే దయతలచి, వేదిక వెనక ఉన్న కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని పెట్టి తలుపు వేయించాడు.

సభ బాగా జరిగింది. పెద్ద అధికారి గారు తెల్లగా, ప్రశాంతంగా ఉన్నారు. ముందుగా చంద్రరావుని మైకు దగ్గరికి పిలిచారు. ఏం చెప్పాలో అచ్చిబాబు పొద్దున్నుంచీ బట్టీ పట్టించాడు.

"నమస్కారమండి. మా మందలో ఒక్క గొర్రె కూడా చూడి కట్టలేదండి. అందుకని ఒక్కటీ ఈసుకుపోలేదండి. అంతా మా ఎమ్మెల్యే గారి దయండి."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకి హాల్లోని పిల్లలు బెదిరి ఒక్కసారిగా అరిచాయి.

"ఏంటది?" అన్నారు అధికారి గారు.

"రింగ్‌టోనండి" అన్నాడు అచ్చిబాబు.

ఆ రింగ్‌టోన్ తలుపుని తోసుకుని బయటికి వచ్చింది. పిల్లలన్నీ వేదిక మీదికి ఎక్కేశాయి. వాటికి అక్కడ తెలిసిన మనిషి ఒక్కడే. అన్నీ వచ్చి చంద్రరావు కాళ్లకి చుట్టుకున్నాయి. నల్లమచ్చలది ఆయన శాలువా అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టింది.

"ఇవి ఎవరివి?" అని అడిగారు అధికారి గారు, మామూలుగానే.

ఆడవాళ్ల వరసలోంచి సంపూర్ణమ్మ లేచింది. "మావేనండి."

"మీ మందలో చూడే లేదని మీ ఆయన ఇప్పుడే మైకులో చెప్పారు కదమ్మా?" అని అధికారి గారు చంద్రరావువైపు తిరిగారు. "ఏమండీ, ఇవి మీవేనా?"

చంద్రరావు ఎమ్మెల్యే గారివైపు చూశాడు. ఎమ్మెల్యే గారు షీల్డు వైపు చూస్తున్నారు. ఇన్నేళ్లుగా ఎక్కించిన లారీలు, కప్పించుకున్న శాలువాలు చంద్రరావు మాటకి అడ్డం పడ్డాయి. సాయంత్రం దాకానే కదా, సభ అయ్యాక తోలుకుపోవచ్చు కదా అనుకున్నాడు.

"మావి కావండి" అన్నాడు.

సంపూర్ణమ్మ కాసేపు అలాగే నిలబడి మొగుణ్ణి చూసింది. తర్వాత కూర్చోకుండా ఇంటికి వెళ్లిపోయింది.

"రికార్డులో లేనివి. ఓనర్ కూడా లేడు" అన్నారు అధికారి గారు, ఏదో చిక్కుముడి విడిపోయినట్టు.

"లేడండి" అన్నాడు అచ్చిబాబు. కాస్త వంగి ఆయన చెవిలో, "తమరు రొయ్యలు తినరని ఇప్పుడే తెలిసిందండి. వేరే వండిస్తాం. భోజనాలు ఓ గంట లేటవుతాయి, పర్లేదాండి?" అని అడిగాడు.

పర్లేదన్నారు అధికారి గారు. పిల్లల్ని వేదిక మీంచి దింపి వెనక్కి తోలుకెళ్లారు. ఆ గంటా ఎమ్మెల్యే గారు ప్రసంగించారు. చంద్రరావుని కుర్చీ దిగనివ్వకుండా పక్కనే కూర్చోబెట్టుకుని ఫొటోలు తీయించారు.

భోజనాలు అరిటాకుల్లో వడ్డించారు. మాంసం చాలా లేతగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. గట్టిగా ఉడికిస్తే లేతదనం చెడుతుందని, పొయ్యి మీంచి తొందరగా దింపించానని అచ్చిబాబు చెప్పాడు. అధికారి గారు మారు వడ్డించుకున్నారు. ఎమ్మెల్యే గారు స్వయంగా గరిటె పట్టుకుని చంద్రరావు ఆకు దగ్గరికి వచ్చారు.

"నువ్వు తినాలయ్యా. ఇదంతా నీ కష్టమే" అన్నారు. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సాయంత్రం ఆశాజ్యోతి స్కూటీ మీద మొగలిలంక వచ్చింది. పొద్దున్నుంచీ వేరే ఊళ్లో టీకాలు వేసి అలిసిపోయి ఉంది. అయినా ఐస్ పెట్టె దించుకుని నవ్వుతూ దొడ్డివైపు నడిచింది.

"పిల్లలకి టీకా వేసేసి పోదామని వచ్చానండి. ఏవీ?"

చంద్రరావు దొడ్డి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. భుజాన శాలువా అలాగే ఉంది. లోపల గొర్రెలు గేటువైపు తలలెత్తి అరుస్తున్నాయి. పొదుగులు బిగిసి వాటికి నిలబడటం కష్టంగా ఉన్నట్టుంది. సంపూర్ణమ్మ ఒక్కోదాని దగ్గరా గొంతుక్కూర్చుని పాలు పిండుతోంది. చెంబు లేదు, గిన్నె లేదు. నేల మీదికే పిండుతోంది.

"ఎన్ని పోయాయండీ?" అని గాభరాగా అడిగింది ఆశాజ్యోతి.

"మీరు చెప్పినట్టే జరిగిందమ్మా" అన్నాడు చంద్రరావు. "ఒక్కటీ ఈసుకుపోలేదండి."